ఏటి కూర?

రెండింటికి మిల్లు కూత వేస్తారు, కూత అయిన పావుగంటకి కూర్మమ్మ ఇంటికొస్తుంది, అంతదాకా ఇక్కడ కూర్చోమ్మా అని పక్కింటి జోగయ్య ప్లాస్టిక్ స్టూలొకటి గుమ్మం ముందు వేసిపోయాడు గానీ, ఇప్పుడు టైమెంతయిందో ఉషకి తెలియదు, తెలుసుకోవాలంటే ఫోను తియ్యాలి, ఫోను సంచి అడుగున ఉంది, సంచి మీద స్టీలు క్యారేజీ ఉంది, క్యారేజీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది, దాన్ని దించడానికి మాత్రం మనసొప్పడం లేదు. పొద్దున పొందూరు స్టేషన్లో పాసింజరెక్కినప్పటి నుంచీ ఇదే వరస. చీపురుపల్లిలో ఎక్కిన బుట్టలావిడ మోచేత్తో తోసినా, నెల్లిమర్లలో దిగి మిల్లు దాకా ఎండలో నడిచినా, క్యారేజీ ఒరగలేదు, మూత కదల్లేదు. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూర్మమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, "మిల్లులో కూర్మమ్మలు ముగ్గురమ్మా, ఏ కూర్మమ్మ?" అన్నాడు. కూతురు మస్కట్లో ఉన్న కూర్మమ్మ అని చెప్పాల్సివచ్చింది. "ఓ, ఆ కూర్మమ్మా!" అని అతను నవ్వి దారి చూపించాడు. ఎందుకు నవ్వాడు? మామూలుగానే నవ్వి ఉంటాడు. రెండు నెలల నుంచీ ఉషకి ఎవరు నవ్వినా అనుమానంగానే ఉంది.

ఆమె వచ్చింది ఒక్క సంగతి తేల్చుకోవడానికి. మస్కట్లో తన మొగుడు తిరుమలరావుకి వండిపెడుతున్న ఈ కూర్మమ్మ కూతురు ఎలాంటి మనిషి, ఆమె చేతి కూరలో అంత మహత్తు ఏముందని ఆయన ఇంటి కూర సంగతి అడగడమే మానేశాడు. తేలకుండా ఈ స్టూలు మీంచి లేచేది లేదు. మస్కట్టంటే నిజానికి మస్కట్ కాదు, సోహార్ అనే ఊరు, అక్కడ తిరుమలరావుది పెద్ద పెద్ద గొట్టాలు బిగించే పని, కానీ వీళ్ళ ఊరివాళ్ళకి ఆ దేశమంతా మస్కట్టే. వెళ్ళి ఏడాదిన్నర దాటింది. వెళ్ళిన మర్నాటి నుంచీ రోజూ దీపాలు పెట్టేవేళకి ఫోను. ఎత్తగానే ఎలా ఉన్నావనడు, పాప ఏదనడు, మేనత్త కొడుకన్న చనువంతా గొంతులో పోసుకుని, "ఒసే ఉషా, ఏటి కూరే ఇయాల?" అంటాడు. వంకాయ అంటే ఊరుకోడు. ఏ వంకాయ, గుత్తిదా, ముక్కలా? ముక్కలే. నువ్వులేసినావా? ఏసినాను. వేపి ఏసినావా, పచ్చివా? వేపినవే. తర్వాత? తర్వాతేటి బావా, తినీసినాము. కాదే, నువ్వుల తర్వాత ఏటేసినావు? బెల్లం ముందా, సింతపండు ముందా? "కూర తింటావా, పరీచ్చ రాస్తావా బావా?" అని ఆమె విరగబడి నవ్వేది. మధ్యమధ్యలో అటు వైపు మాట ఆగిపోయేది, సిగ్నల్ పోయిందేమోనని హలో, హలో అనేది, ఉన్నాను సెప్పు అనేవాడు. పక్క మంచం మీద కూర్చుని వడుకుతున్న అత్త లక్ష్మీనరసమ్మ దారం తెంపకుండానే మూతి విరిచేది. "ఆడికి పెళ్ళామక్కర్లేదే, పెళ్ళాం సేతిలో గరిటి కావాలి."

గరిటే కావాలి మరి, నోరు చచ్చిపోయిన మనిషికి ఇంకేం కావాలి. క్యాంపులో పెట్టే తిండి ఫోటోలు పంపేవాడు, సోమవారం ఏ పసుపు నీళ్ళు ఉండేవో ఆదివారమూ ఆ పసుపు నీళ్ళే, అందులో బంగాళాదుంప ముక్కొకటి మొహం మాత్రం చూపించేది. శుక్రవారం అక్కడ సెలవు. ఆ ఒక్క రోజు బయట తిందామని, టెక్కలి వైపు రమేష్‌బాబు అనే తోటి పనివాణ్ణి తోడు తీసుకుని, మంచి కూర, అందుబాటు ధరలో దొరికే హోటలు కోసం ఆ ఎర్రటి ఎండలో తిరగని వీధి లేదు. ఆ తిరుగుడంతా ఉషకి కంఠతా వచ్చు, తనే వెనకాల చెప్పులీడ్చుకుంటూ తిరిగినట్టు. మొదట సముద్రం ఒడ్డున కేరళ వాళ్ళ హోటలు, చేప దివ్యంగా ఉంది గానీ కొబ్బరినూనె, "తలకి రాసుకున్నది నోట్లో పెట్టినట్టుందే." తరవాత పాకిస్తానీ వాళ్ళది, మాంసం వెన్నలా ఉంది, మీద నూనె వేలెడెత్తు తేలుతోంది, రమేష్‌బాబు మూడు రోజులు కడుపు పట్టుకున్నాడు. తరవాత బంగ్లా వాళ్ళది, అక్కడ అన్నీ ఆవనూనెలో మునుగుతాయి. ఆ పైన ఒకచోట తెలుగక్షరాల్లో ఆంధ్రా భోజనం అని బోర్డు కనబడిందట, పరిగెత్తుకెళ్ళారట, ఏసీ, గాజు బల్లలు, గోంగూర పేరు చెప్పి పాలకూర పెట్టారట, బిల్లు చూస్తే ఒక పూట జీతం. "బోర్డు సూసి మోసపోయినామే," అన్నాడు, నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రోజు గొంతు బాగాలేదు. ఫోను పెట్టేశాక ఉషకి అన్నం సయించలేదు. తన కంచంలో ఉన్న బీరకాయ కూర వంక చూసి, ఇది ఇక్కడెందుకుంది, అక్కడుండాల్సింది కదా అని ఏడ్చింది. వదిలెయ్యి బావా, ఏదో ఒకటి తిను అంటే, ఎందుకు వదిలెయ్యాలి, ఇంత దేశంలో మన నోటికి పట్టిన కూర ఒక్కటి లేకుండా పోతుందా, దొరకబుచ్చుకుంటాను చూడు అన్నాడు. పట్టు పడితే వదిలే వంశం కాదు వాళ్ళది. ఆ మాటకొస్తే ఉషదీ ఆ వంశమే.

దొరికింది. కిందటి వానాకాలం చివర్లో ఒక శుక్రవారం, ఫోనులో గొంతే వేరు. ఉషా, దొరికిందే. కిరాణా కొట్టు వెనక సందులో, ఆరు కుర్చీల హోటలు, యజమాని కేరళాయనే గానీ వంట చేసేది మన నెల్లిమర్ల ఆవిడ, ధనలక్ష్మి అని, వాళ్ళమ్మ కూర్మమ్మ ఇప్పటికీ జనపనార మిల్లులో చేస్తోందట, టీ రెండుసార్లు తాగే డబ్బులకి కడుపునిండా భోజనం. ఉష సంతోషించింది. నిజంగానే సంతోషించింది, దేవుడి ముందు దీపం కూడా పెట్టింది. అన్నం దొరికింది మనిషికి, చాలు అనుకుంది. ఓ ఫోటో వచ్చింది, కంచంలో అన్నం, పప్పు, ఏదో వేపుడు, కంచం అంచున గరిటె పట్టుకున్న చెయ్యి, చేతికి నాలుగు ఆకుపచ్చ గాజులు. చెయ్యి తెల్లగా, గుండ్రంగా ఉంది. వయసెంతుంటాది బావా ఆవిడకి, అని అడిగింది, ఊరికే అడిగినట్టు. "కూరకి వయసేటే?" అని నవ్వాడు. అక్కడ పుట్టింది అనుమానం, పుట్టింది గానీ కళ్ళు తెరవలేదు. కళ్ళు తెరిచింది రెండు నెలల కిందట, వరసగా మూడు రోజులు ఏటి కూర అని అడగనప్పుడు. పాప బడికెళ్తోందా, ఆవు ఈనిందా, అమ్మ మోకాలు ఎలా ఉంది, సరే మరి. నాలుగో రోజు ఉండబట్టలేక తనే, ఈరోజు గుమ్మడి పులుసు బావా అంది. ఒక్క క్షణం ఆగి, "ఇక్కడా పులుసే," అన్నాడు. అంతే. తర్వాత అని అడగలేదు. ఆయనకి ప్రాణమైన గుమ్మడి పులుసు, ఆమె తప్ప ఇంకెవరూ అలా చెయ్యని పులుసు, దాని గురించి ఇక్కడా పులుసే అని పెట్టేశాడు.

మిల్లు లోపల మరలు ఆడుతున్న చప్పుడు ఇక్కడికి వినబడుతోంది, ఆగకుండా, ఒకే ధోరణిలో, రైల్లో కునుకు పట్టినప్పటి చప్పుడు. జోగయ్య మళ్ళీ వచ్చాడు, మంచినీళ్ళ గ్లాసుతో. "పొందూరనీసినావు, మరేటి పనమ్మా కూర్మమ్మతోటి? మస్కట్‌కి పార్సిలేటైనా పంపుతావేటి?" అని క్యారేజీ వంక చూశాడు. "అలగేదో ఉన్నాదిలెండి తాతా," అంది. నీళ్ళు తాగితే గొంతు తడిసింది గానీ ధైర్యం రాలేదు, ధైర్యం ఉన్నచోటే ఉంది, పొద్దున్నించీ ఉన్నంత. ఆయన వెళ్ళాక ఇంటివైపు చూసింది, రేకుల పంచ, మూసిన తలుపు, తాడు మీద చీరలు రెండు, తెల్లగా దుమ్ము పట్టిన కిటికీ. కిటికీ లోంచి చూస్తే కూతురి ఫోటో కనబడుతుందేమో. లేచి చూడాలనిపించింది, మూడుసార్లు అనిపించింది, లేవలేదు. దొంగచాటుగా చూడ్డానికి రాలేదు తను. ఎదురుగా అడగడానికి వచ్చింది.

క్యారేజీ మూత మీద చెయ్యి పెట్టుకుంటే, ఎండకో ఏమో, ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఆ వెచ్చదనంలోంచి తుఫాను సంవత్సరం గుర్తొచ్చింది. పెళ్ళయి నెల తిరగలేదు, చెట్లన్నీ పడిపోయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయి, వారం రోజులు జిల్లా అంతా చీకటి. కిరసనాయిలు బుడ్డి అత్త పట్టుకెళ్ళి పశువుల దగ్గర పెట్టింది, వంటింట్లో పొయ్యి వెలుతురే దిక్కు. పెరట్లో మిగిలింది గుమ్మడికాయ ఒక్కటే. పులుసు చిక్కబడ్డానికి చారెడు బియ్యప్పిండి కలపాలి, కొత్త కోడలికి ఏ డబ్బా ఎక్కడుంటుందో ఏం తెలుసు, చీకట్లో తడిమి చేతికందిన డబ్బాలో గుప్పెడు తీసి నీళ్ళలో కలిపి పోసేసింది. అది అంబలి కాచుకునే రాగుల పిండి, చోడిపిండి. పసుపచ్చగా ఉండాల్సిన పులుసు కంచాల్లోకి వచ్చేసరికి వానాకాలం చెరువు రంగులో ఉంది. అత్త బుడ్డి దగ్గరికి తెచ్చి చూసి, "ఓలమ్మ, పులుసని సెప్పి అంబలి పోసింది నా మేనకోడలు!" అని నెత్తి కొట్టుకుంది. పొద్దున్న నూతి దగ్గర వీధి వీధంతా నవ్వింది, ఆర్నెల్లు సోడిపులుసు కోడలనే పిలిచారు. ఉష ఆ రాత్రి కంచం ముందు తల దించుకు కూర్చుంటే తిరుమలరావు మాత్రం మాట్లాడకుండా తిన్నాడు, తిని, కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం వెయ్యి అన్నాడు. మూడోసారి కూడా వేయించుకున్నాడు. నీ మొహం చిన్నబోకూడదని తిన్నానే అని తర్వాతైనా చెప్తాడనుకుంది, చెప్పలేదు, మళ్ళీ వారం, "ఆ తప్పు పులుసు సెయ్యవేటే?" అని అడిగాడు. ఆ రోజు ఆమెకి ఈ మనిషి మీద ప్రేమ పుట్టింది. మేనబావ అని చిన్నప్పటినుంచీ చూస్తున్నదే, పెళ్ళి అంటే సరే అంది, కానీ ప్రేమ పుట్టింది మాత్రం ఆ రోజే, ఆ మాటకే. అప్పటినుంచీ ఆ ఇంట్లో గుమ్మడి పులుసంటే చోడిపిండి పులుసే, అత్త కూడా ఇప్పుడు బియ్యప్పిండి వేస్తే వంక పెడుతుంది.

ఆ పులుసే ఒళ్ళో ఉంది. తెల్లారకముందే లేచి చేసింది. గుమ్మడికాయ పెచ్చు తీయకుండా పెద్ద ముక్కలు, చింతపండు ముందు, బెల్లం ముక్కలు మెత్తబడ్డాక, చోడిపిండి నీళ్ళు పలచగా, ఒక్క పొంగు. ఇక ఆఖరున ఆవ. ఆవాలు నూరిన ముద్ద పొయ్యి మీద వెయ్యకూడదు, దించాక కూడా వెంటనే వెయ్యకూడదు, గిన్నె పక్కకి వేలానించి నాలుగు లెక్కపెట్టేదాకా వేలు ఓర్చుకోవాలి, అప్పుడు వెయ్యాలి, ముందేస్తే చేదు, ఆలస్యంగా వేస్తే పచ్చివాసన. ఇది ఆమెకి ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. బావకైనా ఫోనులో పులుసు కథ చెప్పినప్పుడల్లా ఆవ దగ్గరికొచ్చేసరికి పాప ఫోను లాక్కుని బడి కబుర్లు మొదలెట్టేది. పొద్దున క్యారేజీ సర్దుతుంటే అత్త మోకాలు పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. రామతీర్థం వెళ్తున్నాను, మొక్కుంది అని అబద్ధమాడింది ఉష. అత్త క్యారేజీ వంక చూసి, కోడలి వంక చూసి, "రాములోరికి సోడిపులుసు నైవేజ్జెమేటే?" అంది. ఉష క్యారేజీ కొక్కెం నొక్కి బిగించింది. అత్త, "బేగి రా. పాపని బడికి నానంపుతాన్లే," అని లోపలికెళ్ళిపోయింది. తెలిసిపోయిందా? తెలిసే ఉంటుంది. వేళ్ళ కొసల మధ్య దారం సన్నమా, మొద్దా అని కళ్ళు మూసుకు చెప్పగలిగే మనిషికి కోడలి మొహం తెలియదా.

వచ్చాక ఏమనాలో రైల్లోనే అంతా కూడబలుక్కుంది. చీపురుపల్లి దాకా మెత్తగా అడగాలనుకుంది, అమ్మా, మీ అమ్మాయి బాగుందా, పెళ్ళయిందా, పిల్లలా అని. గరివిడి దాటాక ఆ మెత్తదనం ఎందుకనిపించింది. ముందు పులుసు తినిపించాలి. కన్నతల్లి కదా, కూతురి చేతి వంట ఆవిడకి తెలియకుండా ఉండదు, తిని చెప్పాలి, దీనికన్నా మీ కూతురు బాగా చేస్తుందా అని అడగాలి. ఆవిడ అవునంటే? అంటే అననీ. అప్పుడు తను లేచి, దండం పెట్టి, ఇంటికెళ్ళి, సాయంత్రం ఫోనొస్తే, బావా, నీకు కూర దొరికింది, మంచిది, ఇక నాకు ఫోను చెయ్యకు అంటుంది. అనగలదా? అంటుంది. నోరు తిరగకపోతే అత్తకిచ్చి అనిపిస్తుంది. ఆకుపచ్చ గాజులు మళ్ళీ కళ్ళ ముందాడాయి. ఆ చేతికి పని వచ్చినట్టే ఉంది, గరిటె కాడ చివర పట్టుకుంది, పని రానివాళ్ళు మధ్యలో పట్టుకుంటారు. ఆ సంగతి గమనించడం ఆమెకే నచ్చలేదు. తనకేం తక్కువ, అనుకుంది, ఏం తక్కువో వెంటనే మనసే చెప్పింది, తను ఇక్కడుంది, ఆవిడ అక్కడుంది, అంతే తక్కువ. మూడు గంటలు విమానంలో వెళ్ళాల్సినంత తక్కువ. కడుపులోంచి కోపం లేచింది, కోపంతో పాటు ఆకలి కూడా, పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది, ఒళ్ళో కూర పెట్టుకుని ఆకలితో కూర్చున్న మనిషిని ఎవరైనా చూస్తే ఏమంటారు.

కూత వేశారు. వీధి చివర నుంచి ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు, జుట్లలో నార పీచు, కనుబొమల మీద పీచు, ఎవరిళ్ళవైపు వాళ్ళు విడిపోయారు. చివరికొకావిడ ఈ ఇంటివైపే తిరిగింది, యాభై దాటినట్టున్నా గట్టి మనిషి, నడుస్తూనే కొంగుతో మొహం దులుపుకుంటోంది. స్టూలు మీద కొత్త మనిషిని చూసి ఆగింది.

"ఎవులమ్మా నువ్వు?"

కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "పొందూరు కాడ్నుంచొచ్చినాను పిన్నీ. మీరు బోయినం సెయ్యలేదు కదా. ముందీ పులుసు తినండి. తిన్నాక సెప్తాను," అంది ఉష, లేచి క్యారేజీ రెండు చేతులతో ముందుకు చాపి.

కూర్మమ్మ ఆమెని కిందినుంచి మీదిదాకా చూసింది. ఇంకెవరైనా అయితే పిచ్చిదనుకునేవారు, కానీ ఎనిమిది గంటలు మర ముందు నిలబడి వచ్చిన మనిషి, ఆకలి ముందు, అనుమానం తర్వాత. తాళం తీసింది, చేతులు కడుక్కుంది, పొద్దుటన్నం కంచంలో పెట్టుకుని పంచలోనే కూలబడి, "పొయ్యి," అంది. ఉష వంగి పోసింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్న కూర్మమ్మ నమలడం ఆపేసింది. కూర్మమ్మ రెండో ముద్ద తిన్నది, కంచంలోకి తేరిపార చూసింది, వేలితో పులుసు కొంచెం తీసి నాలిక మీద రాసుకుంది.

"ఇందల సోడిపిండేసినావేటి?"

"ఏసినాను."

"బియ్యప్పిండి కాదు?"

"కాదు. ఏం, బాలేదా?"

కూర్మమ్మ కంచం కింద పెట్టి నవ్వడం మొదలెట్టింది, పొలమారి దగ్గింది, దగ్గుతూ నవ్వింది. "ఓలమ్మ ఓలమ్మ! ఆ సోడిపిండి మనిసివి నువ్వేనేటి! మా అమ్మి ధనలచ్చిమి ఫోన్లో నా బుర్ర తినీస్తంది తల్లీ, రెండు నెల్లయి. పొందూరోడొకడు హోటల్‌కొస్తన్నాడమ్మా, నోటుబుక్కొకటి పట్టుకొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడీసి, మా ఆవిడ ఇలగ సేస్తాది, ఇలగ సేస్తాది అనీసి ఒక్కో కూరా సదువుతాడు, పులుసులో సోడిపిండెయ్యమంటాడు, ఎవులైనా ఏస్తారేటమ్మా అనీసి. ఆడికి మతి లేదే, ఎయ్యకు అన్నాను నాను. ఏసింది. ఇప్పుడు సుక్కురోరం సుక్కురోరం అదే కావాలంటన్నారట అందరూ. మా అల్లుడైతే మూడేసి సార్లు పోయించుకుంటన్నాడట."

"మీ అల్లుడా?" అంది ఉష.

"అల్లుడే. సామాను తెచ్చేదాడు, వండేది అది. ఇద్దరూ అక్కడే కదా, నీ మొగుడు సెప్పలేదేటి?"

చెప్పలేదు, తనూ ఆవిడ వయసే అడిగింది గానీ మొగుడున్నాడా అని అడగలేదు. ఉష గోడకి ఆనుకుని చతికిలబడింది. ఆ ఆగిపోయిన మాటలు, హలో, హలో అని తను అరిచిన ఆ ఖాళీలు, సిగ్నల్ కాదు, ఆయన రాసుకుంటున్నాడు. వేపినవా, పచ్చివా, తర్వాత, బెల్లం ముందా, తర్వాత, తర్వాత. మంచం మీద బోర్లా పడుకుని, చుట్టూ పదిమంది మగాళ్ళు పేకాడుకుంటుంటే, బడి పిల్లాడిలా ఆ వంకర అక్షరాలతో. ఏడాదిన్నర పాటు తను కబుర్లు చెప్తున్నాననుకుంది, ఆయన పాఠం రాసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు, రానిచ్చింది. ఆకుపచ్చ గాజుల చెయ్యి ఏడు సముద్రాల అవతల తన పులుసే కలుపుతోంది. "మరి నాకెందుకు సెప్పలేదు?" అంది, కూర్మమ్మతో కాదు.

"సిగ్గట. తోటోళ్ళు ఆడంగులోడా అనీసి ఏడిపిస్తన్నారట, ఇంక నువ్వూ నవ్వుతావని. అన్నీ రాసీసినాను, ఇంక అడగడానికేటీ మిగల్లేదు అన్నాడట మా అమ్మితో." కూర్మమ్మ మళ్ళీ ముద్ద కలిపింది. "ఇదిగో, అసలు సంగతి మర్సిపోతన్నాను. ఆ ఆవ ఎప్పుడేస్తావు తల్లీ? మా అమ్మి ఏస్తే సేదొస్తందట. నీ మొగుడు ఆ సేదే తినీసి ఇదే, ఇదే, కొంచెం తేడా ఉన్నాదంతే అంటాడట. నీదాన్ల సేదు లేదు. ఎలగ?"

అడగడానికేటీ మిగల్లేదు. ఆ మాట దగ్గర ఉష కన్నీళ్ళు ఆగాయి. అంటే నోటుబుక్కు నిండింది కాబట్టి అడగడం మానేశాడన్నమాట. కూర దొరికాక కూర చెప్పే మనిషితో పనేముంది! అనుమానం పోయిన చోట కోపం వచ్చి కూర్చుంది, ఇంతకుముందు కోపం లాంటిది కాదు, హక్కున్న కోపం, హాయిగా ఉంది. ఏటి కూర అన్న ఆ ఒక్క మాట కోసం రోజూ దీపాలవేళ ఫోను పక్కన పెట్టుకుని తను ఎలా కూర్చునేదో ఈ మగాడికి తెలుసా? వంట చేస్తున్నప్పుడే, ఇది ఇలా చెప్పాలి, అది అలా చెప్పాలి అని ఎన్ని అనుకునేదో?

"సెప్పను పిన్నీ," అంది.

కూర్మమ్మ ముద్ద నోటి దగ్గరే ఆపింది. "అదేటే!"

"మీరేటీ అనుకోవద్దు. మీకు కావాలంటే ఇప్పుడే సేసి సూపిస్తాను, మీ వంటింట్లోనే. మీ అమ్మికి మాత్రం సెప్పకండి. ఎవులికి కావాలో ఆళ్ళే అడగాలి. నన్నే అడగాలి."

కూర్మమ్మ ఆమె మొహంలోకి చూస్తూ ఆ ముద్ద తినేసింది. తర్వాత ఎడం చేత్తో రొంటినున్న ఫోను తీసింది. "ఇయాల సుక్కురోరమే కదా. ఈపాటికి ఆ పొందూరోడు కుర్చీలో కూకునుంటాడు. ఉండు." మోగింది, మోగింది, గిన్నెల చప్పుడు మధ్య ఆడగొంతు ఏమిటమ్మా అంది. "నీ సోడిపులుసోడి పెళ్ళాం మనింటికొచ్చింది," అంది కూర్మమ్మ. "ఆణ్ణి పిలు." అటు ఓ కేక, కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో నవ్వడం. కూర్మమ్మ ఫోను ఉష చేతిలో పెట్టి కంచం వైపు తిరిగింది.

అటు వైపు ఊపిరి వినబడుతోంది. సిగ్నల్ ఉంది, మనిషే మాట్లాడ్డం లేదు. ఈసారి ఉష హలో అనలేదు. అడిగేదాకా అననుగాక అననని పళ్ళు బిగించుకుని కూర్చుంది. చాలాసేపటికి, సిగ్గుతో సగమైపోయిన గొంతొకటి వచ్చింది.

"ఒసే ఉషా... ఏటి కూరే ఇయాల?"

రెండు నెలలు. "గుమ్మడి పులుసు," అంది ఉష. "సింతపండు ముందు, బెల్లం తర్వాత. సోడిపిండి పలచగా. ఒక్క పొంగు రాగానే దించీసినాను."

అటు కాగితం తిప్పిన చప్పుడు. "దించీసినావు. తర్వాత?"

ఉష క్యారేజీ పక్కకి వేలానించింది. పూర్తిగా చల్లారిపోయింది. మొహం తుడుచుకుంది.

"తర్వాతది రేపడుగు బావా," అంది.